పక్కసీటులో కొత్త పాట

మెదక్‌లో రామాయంపేట బస్సెక్కాను. పక్కసీటులో మాస్కు పెట్టుకున్న ఒకామె ఫోనులో ఒకే పాటను పెద్దగా మళ్లీ మళ్లీ పెడుతూ, అది ఆగినప్పుడల్లా చుట్టూ ఉన్న మొహాలు చూస్తోంది.

“మేడం, జర సౌండ్ తక్కువ చెయ్యుండ్రి, తలకాయ నొస్తున్నది,” అన్నాను.

ఆమె మాస్కు కిందికి దించింది. చూడగానే గుర్తుపట్టాను. ఒకప్పుడు మా దిక్కు ఏ పెళ్లి బరాత్‌లోనైనా ఆమె పాటలే మోగేవి. నా పెళ్లిలోనూ అంతే. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆమె గొంతు ఎక్కడా వినిపించలేదు.

“ఇది కొత్తగ పాడిన అన్నా. వచ్చే వారం యూట్యూబ్‌ల పెడుదామని. ఎవరన్న తల తిప్పుతరేమోనని చూస్తున్న. మీరొక్కరే తిప్పిండ్రు, అది గూడ సౌండ్ తక్కువ చెయ్యమనెటందుకు,” అని నవ్వింది. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. “నిజం చెప్పుండ్రి, ఏం బాగలేదు?”

నిజానికి నేను పాటను మనసుపెట్టి విననేలేదు. ఆ సంగతి ఒప్పుకోవడానికి సిగ్గేసి, తెలిసినవాడిలా, “గొంతు జర మారినట్టున్నది అక్కా,” అన్నాను.

“నాకు గూడ గదే భయముండె,” అంటూ ఫోను సంచిలో పెట్టేసింది. దిగేదాకా మళ్లీ బయటకు తీయలేదు.

నెలలు గడిచాయి. ఇప్పటికీ ఆమె పేరుతో యూట్యూబ్‌లో వెతుకుతుంటాను. పాతవే వస్తున్నాయి.