కామరాజు గారి కొలతలకు కుట్టిన కారు

పంజాగుట్ట సందులో రాజనర్సయ్యను అందరూ సీట్ల మాస్టరు అంటారు గానీ, ఆయన మొదట్లో కుట్టింది మనుషుల ప్యాంట్లు. రెడీమేడ్ దుకాణాలు ఎక్కువై, ప్యాంటు కుట్టించుకునేవాళ్ళు పెళ్ళికొడుకులు తప్ప ఎవరూ మిగలకపోయేసరికి, అదే మిషను మీద కార్ల సీట్లకు కవర్లు కుట్టడం మొదలుపెట్టాడు. గుడ్డ పోయి తోలు వచ్చింది. పద్ధతి మాత్రం పాతదే.

కారు వస్తే ఆయన ముందు కారును కొలవడు. నడిపే మనిషిని సీట్లో కూర్చోబెట్టి, మెడలో టేపు తీసి, భుజం, వీపు, నడుము, తొడ కొలుస్తాడు. కుట్టు లోపల ఇంత తోలు మిగులుస్తాడు. ఎందుకని అడిగితే, "లగ్గమైనంక ఒళ్ళొస్తది బిడ్డా. అప్పుడు కుట్టు ఇప్పి వదులు జేసుకోవచ్చు" అంటాడు. సగం పని కాగానే ట్రయలుకు రమ్మని ఫోను చేస్తాడు.

భార్య రుద్రమ్మ ఉన్నన్నాళ్ళూ ఈ పద్ధతికి ఏ వంకా రాలేదు. ఆమె గుమ్మం పక్కన పీట వేసుకుని, దారపు కొసలు తెంపుతూ, వచ్చినవాళ్ళ దగ్గర ఊరూ పేరూ మొదలుకొని మేనత్త మోకాళ్ళ నొప్పుల దాకా అన్నీ లాగేది. రాజనర్సయ్య నోట్లో సూది పెట్టుకుని తలాడించేవాడు. ఆ ఇంట్లో మాటలన్నీ ఆమెవి, కుట్లన్నీ ఆయనవి. పోయిన వానాకాలం ఆమె జ్వరమని పడుకుని మళ్ళీ లేవలేదు. అప్పటినుంచి ఆయన దుకాణం తెరిచి, మిషనుకు నూనె వేసి, బైకు సీట్ల చిరుగులు అతికి, షట్టరు దించుకుని పోతున్నాడు. కారు మాత్రం ఒక్కటీ ఒప్పుకోలేదు.

బాచుపల్లిలో ఉండే కూతురు దివ్యశ్రీకి ఇది చూడబుద్ధి కాలేదు.

"నాయినా, నీ మనసు పనిమీద లేదు. షట్టరు గుంజి మా ఇంటికి రా. టీవీ జూస్కుంట కూసో."

"టీవీకి కవరు కుట్టాల్నా?"

"ఎకసెక్కాలొద్దు. సరే, ఒక్క కారు నిండుగ కుట్టి చూపియ్యి. దాని ఓనరు బాగున్నదన్నడా, దుకాణం నీ ఇష్టం. బాగలేదన్నడా, ట్రాలీ ఆటో దీస్కొనొచ్చి మిషను ఎక్కిస్త. మల్ల మాట్లాడొద్దు."

రాజనర్సయ్య ఒప్పుకున్నాడు. బాచుపల్లికి పోవడమంటే రుద్రమ్మ కూర్చున్న గుమ్మాన్ని ఎవరో మొబైల్ కవర్లు అమ్మేవాడికి అప్పగించడమే.

ఆ వారమే వంశీధర్ అనే కుర్రాడు అమీర్‌పేట నుంచి ఫోను చేశాడు. మైత్రీవనంలో కంప్యూటరు కోర్సు నేర్చుకుని, మంచి ఉద్యోగంలో కుదురుకుని, పెళ్ళి మాట ఎత్తకముందే సెకండ్ హ్యాండులో ఎర్రటి స్పోర్ట్స్ కారు కొన్నాడట.

"లోపలంతా మార్చేయాలి మాస్టారూ. నల్ల తోలు, ఎర్ర దారం. మలుపులో సీటు నన్ను గట్టిగా పట్టుకోవాలి. వెనక టైర్లు కూడా వెడల్పువి వేయిస్తున్నాను, జారకుండా ఉంటుందని."

కారు వచ్చింది. నేలకు ఆనుకుని ఉంది. రెండే తలుపులు, వెనక సీటు పిల్లి ముడుచుకుని పడుకోవడానికి చాలు. స్టార్టు చేస్తే పైఅంతస్తులో పసిపిల్లలు లేచి ఏడ్చారు. వంశీధర్ అందులోంచి దిగి నేరుగా ఎదురుగా ఉన్న దినేశ్ టైర్ల షాపులోకి దూరాడు. రాజనర్సయ్య అప్పటికి లోపల తోలు చుట్టలు విప్పుతున్నాడు. ఆయన బయటికొచ్చేసరికి స్టీరింగు ముందు ఓ భారీకాయపు పెద్దమనిషి కూర్చుని, ఏసీ ముందు మొహం పెట్టుకుని ఉన్నాడు. వంశీధర్ తండ్రి కామరాజు గారు. రాజమండ్రిలో కాంట్రాక్టులు చేసి, ఇప్పుడు కొడుకు దగ్గర ఉంటున్నాడు. ఈ కారంటే ఆయనకు ఒళ్ళుమంట. ఎండకు తట్టుకోలేక చల్లగాలి కోసం పక్క సీట్లోంచి ఇటు జరిగాడంతే.

రాజనర్సయ్య ఏమీ అడగలేదు. నోట్లో సూది పెట్టుకుని భుజం దగ్గర టేపు పెట్టాడు.

కామరాజు గారు ముందు ఉలిక్కిపడ్డాడు. తర్వాత బుద్ధిగా చెయ్యి ఎత్తాడు. పెళ్ళి సూటు కుట్టించుకున్నాక ఆయన ఒంటికి టేపు తగలడం అదే మళ్ళీ.

"పొట్ట దగ్గర కాస్త వదులు ఉంచవయ్యా. భోజనమయ్యాక ఇబ్బంది."

రాజనర్సయ్య తలాడించాడు.

ట్రయలుకు పిలిస్తే, దారం రంగు చూడటానికి కాబోలనుకుని వంశీధర్ తండ్రినే పంపాడు. ఆయన కూర్చుని, అటూ ఇటూ ఊగి, నడుము కింద చిన్న ఎత్తు అడిగాడు. కళ్ళజోడుకు జేబు అడిగాడు. రాజనర్సయ్య అన్నీ పెట్టాడు. స్టీరింగుకు తోలు తొడిగాడు, గేరు కింద సంచీ కుట్టాడు, తలుపుల లోపల ఎర్ర దారం పరుగెత్తించాడు. కుట్టు ఒక్కచోటా వంకర పోలేదు. చాలా రోజుల తర్వాత ఆయనకు సుబ్బరంగా ఆకలి వేసింది.

ఆదివారం దినేశ్ వెనక టైర్లు మార్చి కారు తెచ్చి నిలిపాడు. పిల్ల నడుముకు పెద్దమ్మ వడ్డాణం పెట్టినట్టు, వెనక వైపు ఉబ్బి కనపడింది. అదే సమయానికి దివ్యశ్రీ ట్రాలీ ఆటోతో దిగింది. ముందు జాగ్రత్త మనిషి.

వంశీధర్ మురిసిపోతూ సీట్లో కూర్చున్నాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే కిందికి జారాడు. బానలో పడ్డ చెంచాలా ఆ చివర నుంచి ఈ చివరకు వెళ్ళాడు.

"మాస్టారూ, ఇది ఎవరి సీటు?"

"లే, లేరా," అని కామరాజు గారు కొడుకును లేపి తను దిగబడ్డాడు. సీటు ఆయన్ని కావలించుకుంది. ఆయన జేబులో కళ్ళజోడు పెట్టి కళ్ళు మూసుకున్నాడు. "అబ్బ! కారంటే ఇదిరా."

రాజనర్సయ్య తండ్రిని చూశాడు, కొడుకును చూశాడు. నోట్లో సూది కిందపడింది.

"నడిపేది నువ్వా బాబూ?"

"ఇంకెవరండీ? నాకేం నచ్చలేదు."

దివ్యశ్రీ తండ్రి భుజం మీద చెయ్యి వేసింది. ఆమెకేమీ సంతోషంగా లేదు. "విన్నవు గద నాయినా. పా."

"ఎక్కడికమ్మా పోయేది? నాకు నచ్చిందిగా!" అన్నాడు కామరాజు గారు. "ఎక్కండి అందరూ, నడిపి చూపిస్తాను." దిగమంటే దిగలేదు. చివరికి వంశీధర్ పక్కన కూర్చున్నాడు. సీటును కళ్ళతో చూస్తానని రాజనర్సయ్య వెనక పిల్లి జాగాలో ముడుచుకున్నాడు.

మెట్రో స్తంభాల నీడలో కారు అమీర్‌పేట వైపు బయల్దేరింది. మొదటి గతుకులోనే రాజనర్సయ్య కింద జర్ర్‌మంది. రెండో గతుకులో రబ్బరు మాడిన కంపు వచ్చింది.

"నాన్నా, మీ బరువుకే!"

"నేను ముందున్నాన్రా వెధవా, చప్పుడు వెనక!"

ఇద్దరూ వెనక్కి తిరిగి రాజనర్సయ్యను చూశారు. ఆయన ఊపిరి బిగబట్టి బరువు తగ్గడానికి ప్రయత్నించాడు. పక్క ఆటోవాడు తొంగిచూసి, "కాకా, జర దిగి నూకు, బండి తేలికైతది" అన్నాడు.

తిరిగొచ్చాక దినేశ్ చక్రం పక్కన పడుకుని చూశాడు. "టైరు వెడల్పైంది, మడ్‌గార్డు లోపలి అంచుకు రాసుకుంటుంది. అంచు కాకబెట్టి లోపలికి మడవాలె, గంతే. ముందే చూస్కోవాల్సుండె, నాదే తప్పు."

"అంటే ప్యాంటు కింద మడత లెక్కనే?"

"గదే అనుకో అన్న."

"మరి ట్రయలు జెయ్యకుంట ఎట్ల ఇచ్చినవురా?" అని రాజనర్సయ్య గట్టిగా నవ్వాడు. అంతలోనే తన పని గుర్తొచ్చి సిగ్గుపడ్డాడు. ఆ నవ్వు విని దివ్యశ్రీ తల తిప్పుకుంది. అమ్మ పోయాక ఆ చప్పుడు ఆ దుకాణంలో వినలేదు.

రాజనర్సయ్య వంశీధర్ ముందు నిలబడ్డాడు. "తప్పైంది బాబు. నోరు తెరిచి అడగాల్సుండె. అడిగే మనిషి పోయింది, నాకు అలవాటు లేదు. ఈ కవరు మీ నాయిన కోసం పక్క సీటుకు సరిజేస్త. నీది మల్ల కుడ్త."

వంశీధర్ కాసేపు తోలును వేళ్ళతో తడిమాడు. ఎర్ర కుట్టు వెంట చూపు పోనిచ్చాడు. "కుట్టు మాత్రం బాగుందండీ," అన్నాడు అయిష్టంగా.

"పక్క సీటుకు స్టీరింగు ఉండదుగా?" అన్నాడు కామరాజు గారు దిగులుగా.

"మీకు లైసెన్సు కూడా లేదు నాన్నా!"

వెనక సీట్లో ముడుచుకుని ప్రయాణం చేసొచ్చిన రాజనర్సయ్య గుమ్మం పట్టుకుని నిదానంగా కూలబడ్డాడు. నీళ్ళు తాగి, టేపు తీశాడు. "నువ్వు ఎంత తింటవు బాబు? ఎప్పుడు లగ్గం?" అని వరసబెట్టి అడుగుతున్నాడు. ఇదంతా చూస్తూ ట్రాలీ ఆటో డ్రైవరు హారన్ కొట్టాడు.

"అక్కా, మిషను ఎక్కియ్యాల్నా, వద్దా?"

దివ్యశ్రీ మిషనును చూసింది. తండ్రిని చూసింది. తర్వాత ఆటోలోకి తొంగిచూసింది. డ్రైవరు సీటు చిరిగి, లోపలి ఫోము బయటికి వేలాడుతోంది.

"మిషను ఎటూ పోదు గని అన్న, నువ్వు దిగి రా. కూసో. మా నాయిన నీ కొలతలు దీసుకుంటడు."