దొర కోసం పోసిన నీళ్లు

నా చిన్నప్పుడు భారత ప్రభుత్వం ఢిల్లీలో మొదలై మా నాయన దగ్గర ముగిసేది. గొప్పకు చెప్పడం లేదు, వరుస అట్లాగే ఉండేది. ఢిల్లీ కింద హైదరాబాదు, ఆ కింద కలెక్టరు, ఆయన కింద సబ్ కలెక్టరు, ఆ తర్వాత తాసిల్దారు, రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, కరణం, అందరికీ అడుగున తలారి. మా నాయన తలారి. చేతిలో కర్ర, భుజాన తుండు, కరణంగారు పిలిస్తే పరుగు. ఆయన కింద ఇంకెవరూ లేరు. మా ఇంట్లో ఒక మేక ఉండేది గానీ అది ఆయన మాట వినేది కాదు.

మాది తర్లుపాడు దగ్గర పల్లె. ఆదివారం తాటాకుల చర్చిలో ప్రార్థన, మిగతా రోజులు కూలి. ఊరికి ఒక బావి, అవతల ఉన్న మా పల్లెకు ఒక బావి. ఎందుకట్లా అని ఎవరూ అడిగేవాళ్లు కాదు, అందరికీ తెలుసు గనుక. అంతకు కొద్దికాలం ముందే మా తాలూకా ఒక జిల్లాలోంచి తీసి ఇంకో జిల్లాలో కలిపారు. ఆఫీసుల బోర్డులు మారాయి, కాగితాల మీద ముద్రలు మారాయి. వానలకు మాత్రం ఆ సంగతి తెలియజేసినట్లు లేదు. పాత జిల్లాలో ఎట్లా రాలేదో కొత్త జిల్లాలోనూ అట్లాగే రాలేదు.

నేను చెప్పబోయే ఎండాకాలానికి మా బావి అడుగున చాపంత తడి మిగిలింది. దాంట్లో చెలమ తవ్వి, ఊరిన నీళ్లు కొబ్బరిచిప్పతో బిందెలోకి ఎత్తాలి. అందుకు ఒక మనిషి నడుముకు తాడు కట్టుకుని దిగాలి. బావి గోడలు మా వైపు నేల మాదిరే పలకరాయి. పొరలు పొరలుగా ఉంటుంది, గట్టిగా కాలు మోపితే పెళ్ల ఊడి వస్తుంది. కాబట్టి దిగే మనిషి బరువు తక్కువగా ఉండాలి. పల్లెలో అందరూ బరువు తక్కువ వాళ్లే, కరువు ఆ మేరకు సహకరించింది. అందరిలోకీ తక్కువ మా పక్కింటి అక్క.

ఆమె పలకల గనిలో పనికి పోయేది. పగిలిపోయి అమ్ముడుపోని ముక్కలు కొంగున మూటకట్టి తెచ్చి నాకిచ్చేది. నేను అక్షరాలు దిద్దింది వాటి మీదే. తాడు బిగించేటప్పుడు మా అమ్మ రోజూ భయపడేది, అక్క రోజూ నవ్వేది.

"ఏంది చిన్నమ్మా, నీ భయం నా గురించా, తాడు గురించా? తాడు కొత్తది, దానికేం గాదులే!"

సబ్ కలెక్టరు కరువు చూడటానికి వస్తున్నాడని కబురు వచ్చింది. ఉత్తరాది నుంచి వచ్చిన కుర్రవాడు, పెద్ద పరీక్ష గెలిచి నేరుగా మా మీదికి దిగినవాడు. ఊరు ఆయనను చిన్నదొర అనేది. ఆయన బావి చూసి, కరువు నిజమే అంటే, లోతు తీయించడానికి మంజూరు వస్తుందని నాయన చెప్పాడు. లోతు తీస్తే అందరూ చేద వేసి తోడుకోవచ్చు. అక్క ఆ మాట పట్టుకుని పల్లెంతా తిరిగింది.

"ఇంగ నేను దిగేదిల్యా. కాళ్లు పట్టుకున్నా దిగను. మొక్కుబడి ఉంటే మీరు దిగండి" అని ముసలివాళ్లను ఏడిపించింది.

అయితే తాసిల్దారుగారికి నిద్ర పట్టలేదు. ఆయన చెడ్డవాడు కాదు. ఎండిపోయిన బావి చూపిస్తే, ఇంతదాకా ఎందుకు రానిచ్చావు అని అడుగుతారు. వానదేవుడికి మెమో ఇచ్చే అధికారం తాసిల్దారుకు ఉండదు. ఆయన భయం ఇన్‌స్పెక్టరుగారి దగ్గరికి వచ్చేసరికి సలహా అయింది. కరణంగారి దగ్గరికి వచ్చేసరికి ఏర్పాటు అయింది. మా నాయన దగ్గరికి వచ్చేసరికి ఉత్తర్వు అయింది.

"ఒరే, పొద్దు గూకే లోపల బావిలో నీళ్లు కనబడాల" అన్నాడు కరణంగారు.

"నీళ్లు లేవనే గదా సామీ దొర వస్తాండేది?"

"లేవనే చెబుదాం, ఎవరు వద్దన్నారు? మరీ అట్ల అడుగంటా చూపిస్తే తాసిల్దారుగారి మొహం ఏం గాను? కరువైనా కొంచెం మర్యాదగా ఉండాలరా."

ఆ సాయంత్రం ఎద్దుబండ్ల మీద పీపాలు వచ్చాయి. దూరాన ఒక రైతు తోటబావిలో ఇంకా నీళ్లున్నాయట. బండ్ల మీద నీళ్లు తేవచ్చని మా పల్లెకు ఆ రోజే తెలిసింది. నాయన, ఇంకో నలుగురు పీపాలు ఎత్తి బావి గట్టు మీది నుంచే వంచారు. నీళ్లు ఎండిన గోడల వెంబడి జారి, పొరల్లోకి ఇంకుతూ, మిగిలినవి అడుగుకు చేరాయి. మా అమ్మ బిందె పట్టుకుని వెళ్లింది. దొర చూసి పోయినాక పట్టుకోమన్నారు.

మిగిలిన పీపా నీళ్లు తెల్లవారి వీధిలో చల్లారు, జీపు వస్తే దుమ్ము లేవకుండా. నీళ్లు లేవని చూడటానికి వచ్చే మనిషికి దుమ్ము తగలకూడదని తాగే నీళ్లు చల్లడంలో మాకెవరికీ వింత కనబడలేదు. ఆడవాళ్లు ముగ్గులు కూడా వేశారు. పిల్లలం తడిమట్టి వాసన పీలుస్తూ వీధి ఆ చివరికీ ఈ చివరికీ తిరిగాం. వాన పడితే ఇట్లా ఉంటుందని మా తమ్ముడికి అప్పుడే తెలిసింది.

చిన్నదొర వచ్చాడు. ఎండకు మొహం కందిపోయి ఉంది. ఆయన తెలుగు శిక్షణలో నేర్చుకున్న తెలుగు, అట్లా ఎవరూ మాట్లాడరు. గట్టు మీద వంగి లోపలికి చూశాడు. కింద నీళ్లు మెరిశాయి. తల ఎత్తి మమ్మల్నందరినీ చూసి, కరణాన్నో తాసిల్దారునో కాకుండా, ముందు వరసలో ఉన్న ఒక ముసలవ్వను అడిగాడు. అంతవరకు మెచ్చుకోవాలి.

"అవ్వా, మీకు నీటికి ఇబ్బంది కలదా? అందరూ కుశలమేనా?"

మా వైపు ఒక మర్యాద ఉంది. ఇంటి ముందుకు వచ్చిన మనిషి బాగున్నారా అని అడిగితే, ఇంట్లో శవం ఉన్నా సరే, ముందు బాగుండాము అనాలి. వచ్చినవాడు కూర్చుని, మంచినీళ్లు తాగి, రెండోసారి అడిగితే అప్పుడు కష్టం చెప్పుకోవాలి. మొదటి మాటకే ఏడుపు మొదలుపెట్టేది పద్ధతి తెలియని వాళ్లు.

"మీ దయ నాయనా, బాగుండాము" అంది అవ్వ.

చిన్నదొర సంతోషించాడు. రెండోసారి అడగాలని ఆయనకు శిక్షణలో ఎవరూ చెప్పలేదు. అక్క జనంలోంచి ఒక అడుగు ముందుకు వేయడం నేను చూశాను. కరణంగారు ఊరికే ఆమె వైపు చూశాడు. ఆమె ఆగింది. జీపు యర్రగొండపాలెం దారి పట్టింది, మంజూరు కూడా ఆ దారినే పోయింది. అక్కడి బావుల్లో పాపం ఎవరూ నీళ్లు పోసినట్లు లేదు.

తెల్లవారేసరికి పోసిన నీళ్లన్నీ ఇంకిపోయాయి. అడుగున బురద మిగిలింది, ఉన్న చెలమ కూడా పూడిపోయింది. అక్క తాడు కట్టుకుంది. ఆ పొద్దు ఆమె నవ్వలేదు, కోపంగా ఉంది.

"బాగుండాము అన్న ముసిల్దాన్ని దించండి, నన్నెందుకు దించుతారు" అని గొణుక్కుంటూనే దిగింది.

ఏళ్ల తరబడి ఎండిన గోడ. దాని పొరల్లోకి ఒక్క సాయంత్రం నీళ్లు దిగాయి. తడిసిన పలకరాయి ఎట్లా జారుతుందో గనిలో పనిచేసే ఆమెకు తెలియనిది కాదు. తెలిసీ దిగింది, ఇళ్లల్లో కుండలు ఖాళీగా ఉన్నాయి గనుక. ఆమె అడుగుకు చేరి, చిప్ప పట్టుకుని వంగిన తర్వాత, ఒక పక్క గోడ మొత్తం కదిలింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. పుస్తకాల దొంతర జారినట్లు జారింది. పైన పట్టుకున్న వాళ్ల చేతుల్లో తాడు అట్లాగే ఉంది. ఆమె చెప్పినట్లే, తాడుకు ఏమీ కాలేదు.

పైకి తీసేసరికి ఎండ నెత్తి మీదికి వచ్చింది. ఆమెను కడగడానికి నీళ్లు లేవు. ఊరి బావి నుంచి రెండు బిందెలు ఇచ్చారు. ఇచ్చారని చెప్పాలి గదా.

మనిషి చనిపోయింది కాబట్టి విచారణకు చిన్నదొర మళ్లీ వచ్చాడు. ఈసారి వీధి తడపలేదు. ఆయన బూట్ల మీదా తాసిల్దారుగారి చొక్కా మీదా మా పల్లె దుమ్ము సమానంగా పడింది. కూలిన గట్టు దగ్గర అందరూ వరుసగా నిలబడ్డారు. అక్కను పూడ్చినప్పటి నుంచి నేను నాయనను వదలకుండా ఆయన వెనకే తిరుగుతున్నాను. ఇంటికి పొమ్మంటే పోలేదు.

బావిలో నీళ్లు ఎవరు పోయించారని చిన్నదొర తాసిల్దారుగారిని అడిగాడు. తాసిల్దారుగారు గొంతు సవరించుకుని ఇన్‌స్పెక్టరుగారి వైపు తిరిగాడు. ఇన్‌స్పెక్టరుగారు అదే ప్రశ్న, కొంచెం గట్టిగా, కరణంగారిని అడిగాడు. కరణంగారు ఇంకా గట్టిగా మా నాయనను అడిగాడు.

"ఎవరు పోయమన్నార్రా నిన్ను?"

ప్రశ్న మెట్టు మెట్టుకూ బరువు పెరుగుతూ దిగింది. అందరూ తిరిగినట్లే మా నాయన కూడా అలవాటు కొద్దీ వెనక్కి తిరిగి చూశాడు. వెనక నేనున్నాను.

ఆయన నా మొహంలోకి చూసిన చూపు ఎట్లాంటిదో చెప్పడానికి చాలాసార్లు ప్రయత్నించాను, కుదరలేదు. చూసి, మళ్లీ ముందుకు తిరిగాడు. కరణంగారి వైపు కాదు. అందరినీ దాటి, నేరుగా చిన్నదొర వైపు.

"మీరు వస్తాండారని పోసినాము దొరా. మీరు రాకుంటే పోసేవాళ్లం గాదు."

"ఏం మాట్లాడుతున్నావురా, నోరు ముయ్యి!" అన్నాడు తాసిల్దారుగారు. ఆ విచారణలో ఆయన తడుముకోకుండా అన్న మాట అదొక్కటే.

చిన్నదొర చెయ్యెత్తి ఆపాడు. ఆ మాట ఆయనకు అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. అర్థమయ్యాక ఆయన కూడా ఒకసారి వెనక్కి చూశాడు. వెనక జీపు ఉంది, డ్రైవరు బీడీ దాచుకుంటున్నాడు. ఆయన కూలిన బావి వైపు తిరిగాడు.

"అవును" అన్నాడు.

బావి లోతు తీయించడానికి మంజూరు వచ్చింది. రాళ్లతో గోడ కట్టారు, నీళ్లు పడ్డాయి, చేదలతో తోడుకున్నాం. ఆ నీళ్లు బాగానే ఉండేవి. అక్క వాళ్లమ్మ మాత్రం వేరే బావికి పోయి తెచ్చుకునేది. బావి పూర్తయ్యే లోపలే చిన్నదొరకు ఇంకెక్కడికో బదిలీ అయింది. మా నాయనను ఎవరూ ఏమీ అనలేదు. కరణంగారు పిలవడం మానేశాడు, అంతే. కొన్నాళ్లకు ఆ కర్ర ఇంకొకరి చేతిలో కనబడింది.

పని పోయిన తర్వాత ఒక సాయంత్రం అమ్మ ఆయనను నిలదీసింది. కరణం చెప్పినాడని ఒక్క మాట అంటే అయిపోయేది గదా అంది.

"అనేవాడినే మే. తిరిగి చూస్తే పాప ఉండింది" అన్నాడు నాయన, మేకకు ఆకు వేస్తూ.

తర్వాత నేను చదువుకున్నాను. ఒక పరీక్ష, ఇంకో పరీక్ష రాస్తూ ఢిల్లీ చేరాను. దేశంలోని పెద్ద ఆఫీసర్లలో ఎవరిని ఎక్కడికి పంపాలి, ఎవరికి ఏ శిక్షణ ఇవ్వాలి, ఎవరి మీద విచారణ వేయాలి అని చూసే ఒక కార్యాలయంలో నా ఉద్యోగమంతా గడిచింది. ఆ భవనం మా పల్లె కంటే పెద్దది. లోపల జరిగేది మాత్రం నాకు తెలిసిందే. పైన ఒకరు భయపడితే కింద ఎక్కడో నీళ్లు పోసేవాళ్లు. ఏదైనా కూలితే ప్రశ్న ఒక్కో అంతస్తూ దిగుతూ వచ్చేది. నా కింద ఉన్నవాళ్లు మంచివాళ్లు, కొత్తగా చేరినవాళ్లు, పిల్లల ఫీజులు కట్టుకోవలసినవాళ్లు. ప్రశ్న నా బల్ల దగ్గరికి వస్తే, నేను చేయించిందే అని చెప్పి అక్కడే ఉంచుకునేదాన్ని, చేయమన్నవాళ్ల పేరు కూడా చెప్పేదాన్ని. ఫలితంగా నాకు ఇచ్చే గదుల్లో కిటికీలు తగ్గుతూ వచ్చాయి. చివరి గదిలో ఫ్యాను ఉండేది.

ఒకసారి శిక్షణలో ఉన్న కుర్ర ఆఫీసర్లకు నాయకత్వం గురించి చెప్పమన్నారు. నాకు తెలిసింది ఇదొక్కటే కాబట్టి ఇదే చెప్పాను. శ్రద్ధగా విన్నారు, కొందరు రాసుకున్నారు. చివర్లో ఒకమ్మాయి లేచి, చెప్పకుండా తనిఖీకి వెళ్లాలంటే ముందుగా ఎవరికి తెలియజేయాలి మేడమ్ అని అడిగింది.

ఇప్పుడు మార్కాపురంలో ఉంటున్నాను. ఎవరైనా వచ్చి బాగున్నారా అంటే బాగుండాము అంటాను, రెండోసారి అడుగుతారేమోనని కాసేపు చూస్తాను. ఒంట్లో పెద్ద జబ్బులేమీ లేవు. మెడ మాత్రం వెనక్కి తిరగదు, ఉద్యోగంలో ఉన్నప్పుడే పట్టేసింది. బల్ల మీద వంగి రాయడం వల్ల అన్నాడు డాక్టరు. నేను కాదనలేదు.