తూకం అయ్యాక గునుగు పువ్వు

పొద్దున ఏడు గంటలకు సిరిసిల్ల బస్టాండులో బస్సెక్కేసరికి నా దగ్గర ఒక ఖాళీ గోనెసంచి, ఒక పాత చీర, లావణ్యకు కుట్టిన రెండు జాకెట్లు తప్ప మరేమీ లేవు. పండగ పూట ఖాళీ సంచి పట్టుకుని ఎటు పోతున్నావని కండక్టరమ్మ అడగనే అడిగింది. గునుగు పువ్వు తేవడానికి జగిత్యాల దాకా పోతున్నానని చెబితే నవ్వి, నా ఆధార్ కార్డు చూసి ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్టు చేతిలో పెట్టింది.

నవ్వితే నవ్వనీ. నేను జాకెట్లు కుట్టి బతికే మనిషిని, మా వాడలో బతుకమ్మ పేర్చే పని కూడా నాదే. పోయినేడు బజారంతా తిరిగినా గునుగు దొరకలేదు. చేలల్లో గడ్డి మందు కొట్టడం మొదలయ్యాక ఇంక గునుగెక్కడిది? బంతిపూలతోనే కానిచ్చాం. ఎవరూ ఏమీ అనలేదు గానీ నాకే మనసున పట్టలేదు. ఈసారి మా అక్క బిడ్డ లావణ్య ఫోన్ చేసి, బతుకమ్మ ఎనిమిదో రోజు వస్తే సంచి నింపి పంపుతానంది. లావణ్య అత్తగారి ఊరు వ్యవసాయ పరిశోధన క్షేత్రం గోడకు ఆనుకునే ఉంటుంది. ఆమె అందులోనే పనికి పోతుంది. గడ్డిని చంపే మందులు పరీక్షించే చోట గునుగు విరగబూసిందంటే నేను ముందు నమ్మలేదు. నమ్మకపోయినా చూడాలని ప్రాణం లాగింది.

వేములవాడలో దిగి ఇడ్లీ తిని, చాయ తాగాను. మాకు తొమ్మిదో రోజున వచ్చే సద్దుల బతుకమ్మ అక్కడ ఏడో రోజే అయిపోతుంది కాబట్టి బస్టాండులో చుట్టపుచూపుకొచ్చిన ఆడపిల్లల తిరుగు ప్రయాణాలు, పైగా గుడికి వచ్చిన జనం. కొడిమ్యాల మీదుగా పోయే బస్సులో పాత చీర వేసి కిటికీ సీటు పట్టాను. సగం రోడ్డు మీద మక్కజొన్నలు ఆరబోసే ఉన్నాయి, డ్రైవరు వాటిని తప్పిస్తూ పోతుంటే బస్సంతా ఊగింది. పక్క సీటులో కోరుట్ల పోయే పెద్దమనిషి కూర్చున్నాడు. గల్ఫ్ వెళ్లొచ్చి సేద్యంలో పడ్డాడట. నేను పోయే ఊరి పేరు చెప్పగానే ఆయనకు హుషారొచ్చింది.

“గా ఊరోళ్లు మొగులు దిక్కు సూడరమ్మా, గోడ దిక్కు సూస్తరు. లోపట ఇత్తులు పెట్టినంకనే బయట ట్రాక్టర్ తీస్తరు” అన్నాడు.

జగిత్యాలలో దిగి షేర్ ఆటో ఎక్కాను. పదకొండు దాటాక ఊళ్లో దిగానో లేదో, ఆయన చెప్పింది నిజమేనని తెలిసింది. నల్లా దగ్గర ఇద్దరు ఆడవాళ్లు మొన్న క్షేత్రంలో కొలిచిన వాన గురించి మాట్లాడుకుంటున్నారు. ఒకామె పన్నెండు మిల్లీమీటర్లు పడిందంటే ఇంకొకామె కాదు పద్నాలుగంటోంది. మా దగ్గర వాన పడితే గట్టిగా పడిందంటాం, లేకపోతే జల్లంటాం. ఇక్కడ బిందె పట్టుకుని మిల్లీమీటర్ల మీద కొట్లాట. నాకు నవ్వాగలేదు. క్షేత్రంలో సైరన్ మోగితే ఈ ఊరికి అన్నం వేళ. సగం ఇళ్ల నుంచి ఎవరో ఒకరు ఆ గేటు లోపలికి పనికి పోతారు. లావణ్య భర్త మస్కట్‌లో ఉంటాడు, ఇల్లు నడిచేది ఎక్కువగా ఈ కూలి మీదే.

సర్వపిండి, పచ్చిపులుసు, అన్నం పెట్టి లావణ్య అసలు సంగతి చెప్పింది. గడ్డి మందు ఎంత పని చేసిందో తేలాలంటే, మందు కొట్టకుండా, కలుపు తీయకుండా కొన్ని మడులు వదిలేయాలట. మక్క చేనులో అలాంటివి నాలుగున్నాయి. గునుగంతా వాటిలోనే ఉంది. పండగ చూసుకుని ఎనిమిదో రోజునే కంకి విరుస్తారు, అదే రోజు ఆ మడుల్లో కలుపు కోసి తూకం వేస్తారు. తూకం అయ్యాక పువ్వు ఊరి ఆడవాళ్లది. ఏళ్లుగా నడుస్తున్న ఆనవాయితీ ఇది.

“తూకం కాకముందు ఒక్క పువ్వు తెంపినా తప్పే చిన్నమ్మా. గా మాట మీదనే మాకు గేటు తీస్తున్నరు” అంది.

మూడు గంటలకు పదిహేను మంది దాకా ఆడవాళ్లం తట్టలు, సంచులతో గేటు దాటాం. నేను అందరికంటే ముందు నడిచాను. మక్క కర్రల మధ్య తెల్లగా, కొసన గులాబీ రంగుతో నడుమెత్తు గునుగు గాలికి ఊగుతుంటే, ముసలిదాన్ని గాకపోతే అక్కడే గెంతేదాన్ని. మొదటి మడి చూశాం, రెండోది చూశాం, మూడోదీ చూశాం. నాలుగో దాని దగ్గర లావణ్య కాళ్లు ఆగిపోయాయి. మడి శుభ్రంగా ఉంది. కలుపు మొత్తం పీకి గట్టు మీద కుప్పేశారు.

కుప్ప పక్కన ఒక అమ్మాయి కళ్లు తుడుచుకుంటూ నిలబడి ఉంది. పేరు వైష్ణవి, ఈ మడుల మీద చదువు చదివే పిల్ల. క్షేత్రం పెద్ద సారుతో అప్పుడే ఫోన్ మాట్లాడిందట. పూల ఆశకు ఊరి ఆడవాళ్లే పీకి ఉంటారు, ఇకమీదట పువ్వుల పేరుతో ఎవరినీ లోపలికి రానివ్వద్దని ఆయన అన్నాడు. నా సంతోషం మొత్తం నీరుగారింది. నా సంచి సంగతి పోనీ, ఈ ఊరికి ఏళ్లుగా తెరిచిన గేటు నేనొచ్చిన రోజునే మూతపడుతుందా అనుకున్నాను.

అప్పుడు చెట్టు కింద సద్ది తింటున్న కూలీల్లోంచి ఒకామె లేచి వచ్చింది. కంకులు విరవడానికి పక్క మండలం నుంచి ఆ రోజే మొదటిసారి వచ్చిన కూలి ముఠా మనిషి ఆమె.

“గంత గడ్డి ఉంటె సూడబుద్ధి కాలే మేడం. కూలేం వద్దు, పుణ్యానికే పీకినం” అంది.

కలుపు చూస్తే చేతులూరుకోని మనుషులు. చేను ఎవరిదైనా అందులో కలుపుంటే వాళ్లకు సిగ్గే. అంత దుఃఖంలోనూ వైష్ణవికి నవ్వొచ్చింది. తర్వాత కుప్ప ముందు కూర్చుని, మడిలోని కలుపు మొత్తం ఇందులోనే ఉందా అని అడిగింది. ఉంది గానీ, గట్టు మీది గడ్డి కూడా కోసి అందులోనే కలిపామంది ఆమె. గట్టుది కొడవలితో కోశారు, మడిలోది చేత్తో పీకారు. అంటే వేరున్నది మడిది, వేరు లేనిది గట్టుది. ఆ పిల్ల మొహంలో వెలుగొచ్చింది. మడి మొత్తం కలుపు దొరికితే తూకం చెడదంది.

ఇంక చూడాలి మా సంబరం. ముఠా వాళ్లు, ఊరి వాళ్లు, నేను, అందరం కుప్ప చుట్టూ కూర్చున్నాం. వేరున్నది ఇటు, లేనిది అటు. మళ్లీ గునుగు ఒక దిక్కు, గడ్డి ఒక దిక్కు. మిగతా మడుల్లో కలుపు వేరు లేకుండా కోస్తారు కాబట్టి ఇక్కడా ప్రతి మొక్కకూ వేరు కోసి మట్టి దులిపాం. ఎవరో బతుకమ్మ పాటెత్తుకుంటే ముఠా వాళ్లు ఉయ్యాలో అని అందుకున్నారు. పొద్దు వాలేసరికి పెద్ద సారు జీపులో వచ్చాడు. వైష్ణవి జరిగింది చెప్పి, ముందు మిగతా మూడు మడుల కలుపు కోయించి తూచింది, తర్వాత ఈ కుప్ప తూచింది. తేడా పెద్దగా లేదట. సారు తూకం రాళ్ల వంక, మా మట్టి చేతుల వంక చూసి, రేపటి పండక్కి పువ్వు తీసుకుపొమ్మన్నాడు. ఆరబెట్టి మళ్లీ తూచడానికి కావలసినంత వైష్ణవి కవర్లలో వేసుకుంది. మిగతా పువ్వంతా మా తట్టల్లోకి వచ్చింది.

వచ్చే ఏడు ఈ భయం లేకుండా, లెక్కలో లేని ఒక పక్క సాలు గునుగు కోసమే వదిలేస్తానని వైష్ణవి మాటిచ్చింది. నాకది మంచి మాటగానే తోచింది. కానీ మాలో పెద్దది, గౌండ్ల రాజవ్వ, తట్ట నెత్తికెత్తుకుంటూ ఆగింది.

“వద్దు బిడ్డ. ఉత్తగ ఇడిసిన పువ్వు మాకెందుకు? నీ తూకంల నిలిచిన పువ్వే మాకియ్యి” అంది.

ఆ రాత్రి లావణ్య ఇంట్లోనే పడుకుని, తెల్లారి మొదటి ఆటోకే బయలుదేరాను. తడిపిన చీరలో పువ్వు చుట్టి, సంచిలో నిలబెట్టి, బస్సులో ఒళ్లోనే పెట్టుకున్నాను. మీరెవరైనా ఆ ఊరికి పోతే ఎనిమిదో రోజు మధ్యాహ్నానికి పోండి, తూకం అయ్యేదాకా చేతులు కట్టుకుని నిలబడండి. కష్టమే, చెబుతున్నా. ఇన్నాళ్లూ గోడకు అవతల చదువు, ఇవతల ఊరు అనుకున్నాను. ఆ కుప్ప దగ్గర కూర్చున్నాక గోడ ఎటుందో నాకు గుర్తుకే రాలేదు.

కొడిమ్యాలలో ఎక్కిన ఒకామె సంచిలోకి తొంగిచూసి, గింత గునుగు ఏడ కొన్నవక్కా అని అడిగింది.

“కొనలే చెల్లె. తూకం ఏపిచ్చి తెచ్చుకున్న” అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. సిరిసిల్ల వచ్చేదాకా దారి పొడుగునా చెప్పుకొచ్చాను.