మా గొర్రెల జ్వరం ఎవరిది?

నాకు కోపం తగ్గలేదు. ఇన్నేళ్లయింది కదా, ఇంక వదిలెయ్ అని అప్పట్లో నాతో పనిచేసినవాళ్లు ఇప్పటికీ అంటుంటారు. చచ్చింది వాళ్ల గొర్రెలు కాదు కాబట్టి అంటారు.

మాది నారాయణపేటకు పోయే దారిలో ఒక ఊరు. తాతల నాటి నుంచీ మా ఇంట్లో గొర్రెలే. తెలంగాణ వచ్చిన కొన్నాళ్లకు నేను డిగ్రీ పూర్తి చేసి, పాలమూరులో రైతులతో పనిచేసే ఒక సంస్థలో చేరాను. అప్పుడే ఆ సంస్థకు యూరప్ నుంచి ఒక ప్రాజెక్టు వచ్చింది. గొర్రె చెవికి కమ్మలాంటి చిన్న పరికరం తగిలిస్తే, అది ఒంటి వేడిని కొలుస్తూ ఉంటుంది. రోగం పైకి కనబడకముందే పసిగడుతుంది. దాన్ని ఎండలు ఎక్కువగా ఉండే చోట పరీక్షించాలన్నారు. మా వైపు ఎండకూ కొదవ లేదు, గొర్రెలకూ కొదవ లేదు. ఇంగ్లీషు మాట్లాడటం, గొర్రెను ఒడిసి పట్టుకోవడం రెండూ వచ్చిన మనిషి కావాలంటే మా సంస్థలో నేనొక్కదాన్నే ఉన్నాను.

ఆ కమ్మను నాలుగు దేశాలు కలిసి చేశాయి. లోపలి చిప్పు ఒక దేశానిది, బ్యాటరీ ఇంకో దేశానిది, పైనున్న ప్లాస్టిక్ తొడుగు మూడో దేశానిది. అది పంపే అంకెలను చదివి జ్వరమో కాదో తేల్చే పని నాలుగో దేశానిది. ప్రాజెక్టు పెద్ద ఒక ముసలి ప్రొఫెసరు. మొదటిసారి వచ్చినప్పుడు జీపులో నా పక్కన కూర్చుని, దారి పొడుగునా వాళ్ల దేశాల కథ చెప్పాడు.

ఆయన పుట్టింది రెండు దేశాల సరిహద్దు మీదున్న పల్లెలోనట. తండ్రి ఒక సైన్యంలో, వాగుకు అవతలి ఒడ్డునున్న మేనమామ దాని మీద పోరాడే సైన్యంలో ఉండేవాళ్లట. “యుద్ధం అయిపోయాక మావాళ్లకు బుద్ధి వచ్చింది,” అన్నాడు. “తుపాకి చేయాలంటే బొగ్గు, ఉక్కు కావాలి. ఆ రెండూ అందరి చేతిలో ఉంటే ఎవరూ ఎవరి మీదా తుపాకి ఎత్తలేరు.” బొగ్గు, ఉక్కు తర్వాత అణువు వంతు వచ్చింది. ఏ దేశమూ ఒంటరిగా కట్టలేని ప్రయోగశాలను అందరూ కలిసి, సరిహద్దు కింద సొరంగం తవ్వి కట్టుకున్నారు. విమానం రెక్కలు ఒక చోట, ముక్కు ఇంకో చోట చేసి, మూడో చోట బిగించారు. ఒక దేశపు ఫోను పక్క దేశంలో మూగబోతోందని, అందరూ కూర్చుని ఒకే పద్ధతి రాసుకున్నారు. మీ ఊరికి వచ్చిన మొదటి సెల్‌ఫోన్లు కూడా ఆ పద్ధతివే అయ్యుంటాయని చెప్పి నవ్వాడు. చివరికి అది నియమమే అయిందట. ఉమ్మడి నిధి నుంచి పరిశోధనకు సాయం కావాలంటే కనీసం మూడు దేశాలవాళ్లు చేతులు కలపాలి.

నేనా కథకు కరిగిపోయాను. కొట్లాడి రాష్ట్రం తెచ్చుకున్న కొత్త రోజులవి. కృష్ణ నీళ్లలో మన వాటా ఎంత, వాళ్ల వాటా ఎంత అని రోజూ పేపర్లో చదువుతున్నాం. ఒకరినొకరు చంపుకున్నవాళ్లు పక్కపక్కన కూర్చుని ఒక గొర్రె కమ్మ చేస్తున్నారంటే నాకు అబ్బురంగా తోచింది. ప్రొఫెసరు మంచివాడు. ఈ మాట రాయడానికి ఇప్పుడు చేతులు రావడం లేదు గానీ, అది నిజం.

మా ఊరి పంచాయతీ ముందు కాపరులందరినీ కూర్చోబెట్టి మీటింగు పెట్టారు. ఆయన ఇంగ్లీషులో చెప్పాడు, నేను తెలుగులో చెప్పాను. “మీ జీవాలకు జొరమొస్తే మీకు ముందుగాలనే తెలుస్తది.” ఆ మాట నా నోటితోనే చెప్పించాడు. మా నాయిన అందరికంటే ముందు లేచి, “మా బిడ్డ చెప్తాంది గదా, నా మందకు వెయ్యిండ్రి,” అన్నాడు. ఆయనను చూసి తక్కినవాళ్లూ ఒప్పుకున్నారు.

పంచాయతీ కప్పు మీద ఒక డబ్బా బిగించారు. చెవి కమ్మలు పంపే అంకెలు ఆ డబ్బాకు చేరి, అక్కడి నుంచి నేరుగా యూరప్ పోయేవి. నా పని కమ్మలు ఊడిపోకుండా చూడడం, డబ్బా మీద పచ్చలైటు వెలుగుతోందో లేదో చూడడం. అంకెలు మాత్రం నాకు కనబడేవి కావు. ఎండాకాలంలో బ్యాటరీలు ఉబ్బి గొర్రెల చెవులు పుండ్లు పడ్డాయి. వీడియో మీటింగులో చెబితే బ్యాటరీవాళ్లు తొడుగును అన్నారు, తొడుగువాళ్లు చిప్పును అన్నారు. నాలుగు దేశాలూ ఎంతో మర్యాదగా ఒకరి మీద ఒకరు తోసుకుంటుంటే, నేను పుండ్లకు వేపనూనె రాసుకుంటూ విన్నాను. అయినా వాళ్లు దాన్ని సరిచేశారు. మళ్లీ వచ్చిన కమ్మలు బాగా పనిచేశాయి. నాయినకు వాటి మీద ఎంత నమ్మకం కుదిరిందంటే, పొద్దున్నే దొడ్డి తలుపు తీస్తూ ఒక్కో చెవినీ తడిమి చూసుకునేవాడు.

ఆ ఏడు వానలు ఆగకుండా పడ్డాయి. దొడ్డి చుట్టూ బురద, సన్నటి దోమలు. అలాంటప్పుడు నాయిన ఏటా మందను గుట్ట మీది మెట్ట జాగాకు తోలేవాడు. ఆ ఏడు మాత్రం నన్ను అడిగాడు.

“బిడ్డా, మిషిని ఏమన్న చెప్తాందా?”

“ఏం చెప్పలే నాయినా.”

“జర కనుక్కో. గొర్లు మబ్బుగున్నయి.”

నేను సంస్థ డైరెక్టర్ సారుకు ఫోన్ చేసి అంకెలు చూడాలన్నాను. “అది మన వంతు పని కాదమ్మా. ఆ వంతు వేరే దేశం వాళ్లది. ఏమన్నా ఉంటే వాళ్లే చెప్తరు,” అన్నాడు. ఆ దేశం వాళ్లకు మెయిల్ పెట్టాను. ప్రాజెక్టు నియమాల ప్రకారం అంకెలు బయటికి ఇవ్వరాదని ఎంతో మర్యాదగా జవాబు వచ్చింది. జ్వరం ఉంటే చెప్పేవాళ్లే కదా అని నాయిన, నేను ఇద్దరం అనుకున్నాం. మందను గుట్టకు తోలలేదు.

తర్వాత గొర్రెల మూతులు వాచాయి. నోటి వెంట నురగ. గిట్టల సందులు ఎర్రబడి నిలబడలేక, మోకాళ్ల మీద నడుస్తూ మేత కోసం పాకులాడాయి. పశువుల దవాఖాన డాక్టరు వచ్చి చూసి నీలి నాలుక అన్నాడు. దోమలు అంటించే రోగమనీ, వారం ముందు తెలిసినా ఎత్తుకు తోలి, పొగ వేసి చాలావరకు కాపాడుకునేవాళ్లమనీ చెప్పాడు. అమ్మ, నేను సీసాతో జావ పోస్తుంటే మింగలేక ముక్కుల్లోంచి కక్కాయి. మందకు ముందు నడిచే ముసలి గొర్రె ఒకటుండేది. నాయిన ఈల వేస్తే అది మళ్లేది, దాని వెంట మంద మళ్లేది. అది నాయిన ఒళ్లో తల పెట్టి చచ్చిపోయింది. చెవికి కమ్మ అలాగే ఉంది. కప్పు మీద పచ్చలైటు వెలుగుతూనే ఉంది.

మందలో సగానికి సగం పోయాయి. పక్క దొడ్లలోనూ అంతే. మిషిని పనిచేయలేదని ఊరంతా అనుకున్నాం. పాపం, ఎంత కష్టపడి చేశారో, మన వానకు ఆగలేదు అని కూడా అనుకున్నాం. మేమే వాళ్ల మీద జాలి పడ్డాం.

ఎండలు మొదలయ్యాక ముగింపు సమావేశం పెట్టారు. అతిథులకు కృష్ణ మీది డ్యాము చూడాలని ఉందని, దాని పక్కనున్న నందికొండలో పెట్టారు. కాపరులను బస్సులో తీసుకొచ్చి హాల్లో వెనక వరసలో కూర్చోబెట్టారు. నాయిన ఉతికిన గొంగడి భుజాన వేసుకుని వచ్చాడు. అంకెలు చదివే నాలుగో దేశం నుంచి వచ్చిన ఒకామె తెర మీద ఒక గీత చూపించింది. గీత చదునుగా పోయి, ఒక చోట ఎర్రగా పైకి లేచింది. వ్యాధి కంటికి కనబడకముందే వ్యవస్థ దాన్ని పసిగట్టిందనీ, ఆ తర్వాత జరిగిన మరణాలు ఆ అంచనా నిజమని రుజువు చేశాయనీ చెప్పింది. చప్పట్లు మోగాయి. నాలుగు దేశాల వాళ్లూ ఒకరి చేతులొకరు పట్టుకుని ఊపుకున్నారు.

నాయిన నా మోచెయ్యి లాగాడు. “బిడ్డా, గా ఎర్ర గీత ఏంది?”

“మన గొర్ల జొరం నాయినా.”

“ఎప్పటిది?”

“మూతులు వాయకముందటిది. నేను ఫోన్ చేసిన్నాడు గూడ అది గట్లనే ఎర్రగున్నది.”

“అయితే లేచి అడుగు. గప్పుడే ఎరుకేనా అని అడుగు.”

నేను లేచి అడిగాను. ఆమె మొహంలో ఏ కల్మషమూ లేదు. అందుకే నాకు ఒళ్లు మండింది. “అవును, తెలుసు. ఈ విడతలో హెచ్చరికలు ఎవరికీ పంపకుండా మూసి ఉంచాం. ముందే చెబితే మీరు మందను మారుస్తారు, పొగ వేస్తారు, వ్యాధి ఆగిపోవచ్చు. అప్పుడు మా అంచనా సరైనదో కాదో తెలియదు కదా,” అంది.

వెనక వరస నా వైపు చూస్తోంది. తెలుగులో చెప్పాలి.

“మనకు చెప్తే గొర్లను కాపాడుకుంటుంటిమంట. మనం కాపాడుకుంటే వాళ్ల లెక్క తేలకపోవునంట,” అన్నాను.

మా చిన్నాయిన కుర్చీ తన్ని లేచాడు. నాయిన మాత్రం కూర్చున్న చోటు నుంచి కదలకుండా ప్రొఫెసరును చూస్తూ, “ముందుగాలనే చెప్తమంటిరి గదా సారు. నా బిడ్డ నోటితోనే చెప్పిస్తిరి గదా,” అన్నాడు. ఆ మాటను నేను ఇంగ్లీషులోకి మార్చాను.

ప్రొఫెసరు లేచాడు, మొహం పాలిపోయింది. హెచ్చరికలు మూసిన సంగతి తను సంతకం పెట్టిన కాగితాల్లో ఉందన్నాడు. గొర్రెలకు నష్టం జరగకుండా ఎవరో ఒకరు చూసే ఉంటారనుకున్నాడట. ప్రతి దేశంలోనూ దాని కోసం ఒక కమిటీ ఉందట. ఒక దేశపు కమిటీ ఇంకో దేశపు కమిటీ చూసిందనుకుందట. ఆఖరికి ఎవరూ చూడలేదు.

“యుద్ధం తర్వాత బుద్ధి వచ్చిందన్నారు,” అన్నాను. “మూడు దేశాలు కలవాలన్నారు, నాలుగు కలిశాయి. జ్వరం కబురు ఒక్క నిమిషంలో నాలుగు సరిహద్దులు దాటింది. పంచాయతీ కప్పు మీది నుంచి కిందనున్న మా దొడ్లోకి మాత్రం రాలేదు. మేము మీకు ఎవరం సార్?”

డైరెక్టర్ సారు వచ్చి నా చెవి దగ్గర, “అతిథుల ముందర ఇజ్జత్ తీస్తివి,” అన్నాడు. ఆ సాయంత్రమే ఉద్యోగం వదిలేస్తున్నానని చెప్పాను. కాపరులు భోజనాల వైపు చూడకుండా బస్సెక్కారు. బస్సులో నాయిన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది.

కమ్మలు వెనక్కి తీసుకోవడానికి మనుషులు వచ్చినప్పుడు మా ఊరివాళ్లు దొడ్ల తలుపులు తీయలేదు. కమ్మలు ఉంచండి, హెచ్చరికలు తెరిచి మాకు పంపండి, అప్పుడు అడిగినంత కాలం పరీక్ష చేసుకోండి అన్నారు. అది న్యాయమైన మాటే. పరికరం పనిచేస్తుంది కదా! నా కోపమంతా అక్కడే ఉంది. పనికిమాలిన వస్తువైతే విసిరేసి మరిచిపోదును. మేము అడిగినదానికి నాలుగు దేశాలూ ఒప్పుకోవాలన్నారు. మూడు ఒప్పుకున్నాయి. నాలుగోది జవాబే ఇవ్వలేదు. ఈలోగా కప్పు మీది డబ్బాకు లైను కోసేశారు. పచ్చలైటు ఆరిపోయాక ఇక కమ్మలు ఉంచుకుని ఏం చేస్తాం? ఊడదీసి సంచిలో వేసి ఇచ్చేశాం.

తర్వాత ప్రొఫెసరే ఫోన్ చేసి చెప్పాడు. అవే కమ్మలు ఇప్పుడు వాళ్ల కొండల్లో గొర్రెలకు ఉన్నాయట. జ్వరం వస్తే అక్కడి కాపరి ఫోను మోగుతుందట. కమ్మలతో మా ఊరికి మళ్లీ వస్తానన్నాడు. మొదటి కబురు మాకు తెలుగులో రావాలి, ఒప్పందంలో మా ఊరు కూడా ఉండాలి అన్నాను. చాలా ప్రయత్నించాననీ, ఒక భాగస్వామి ఒప్పుకోలేదనీ ఆర్నెల్ల తర్వాత నిజాయితీగా చెప్పాడు. ఆ నిజాయితీ నాకు అక్కరకు రాలేదు.

నేను ఊరూరా తిరిగి కాపరులకు మామూలు థర్మామీటర్లు పట్టడం నేర్పాను. పశువుల దవాఖాన డాక్టరు తోడొచ్చాడు. ఫోన్లలో ఒక గ్రూపు పెట్టుకున్నాం. మక్తల్ వైపు ఒక మందకు జ్వరమొస్తే అది అప్పుడే కేతేపల్లి కాపరికి కూడా తెలుస్తుంది. చెవి కమ్మ చెప్పినంత ముందుగా తెలియదు. ఒకటో రెండో పోతాయి. కమ్మలుంటే అవీ బతికేవి. ప్రతి చావుకూ ఆ మాట గుర్తొచ్చి పళ్లు కొరుక్కుంటాను.

పోయిన వానాకాలం ముందు ప్రొఫెసరు మళ్లీ ఫోన్ చేశాడు. రిటైరయ్యాడట. మా ఊరి సంగతి అక్కడి విద్యార్థులకు పాఠంగా చెబుతున్నాడట. దేశాలు కలిసి పనిచేయడంలో ఎక్కడ తప్పు జరుగుతుందో అర్థం కావడానికి చాలా ఉపయోగపడుతోందన్నాడు.

మళ్లీ మా గొర్రెలే వాళ్లకు ఉపయోగపడుతున్నాయి. “చెప్పండి,” అన్నాను. “కానీ గీత చూపించి చెప్పకండి. అవి మోకాళ్ల మీద నడిచాయని చెప్పండి. మా అమ్మ జావ పోస్తే ముక్కుల్లోంచి వచ్చిందని చెప్పండి. మా నాయిన ఏమన్నాడో అది కూడా చెప్పండి.”

చెబుతానన్నాడు. నామీద ఇంకా కోపంగా ఉన్నావా అని అడిగాడు.

“ఉన్నాను సార్,” అన్నాను.

బయట మబ్బు పట్టింది. నాయిన మందను గుట్టకు తోలడానికి దొడ్డి తలుపు తీస్తున్నాడు. ఫోను పెట్టేసి ఆయన వెంట వెళ్లాను.