పదకొండున్నర ముహూర్తం

ఈ రోజు పొద్దున మా చెల్లెలు లావణ్యను కాన్పుకు చిక్కడపల్లిలో ఆస్పత్రికి తీసుకెళ్లాం. వాళ్ల అత్త ఆపరేషన్‌కు పదకొండున్నరకు ముహూర్తం పెట్టించింది. తొమ్మిదింటికే డాక్టరమ్మ వచ్చి, లోపల బిడ్డ గుండె కొట్టుకోవడం తగ్గింది, ఇప్పుడే చేయాలంది.

"జర ఆగున్రి మేడం, ఇప్పుడు గడియ మంచిగ లేదు," అంది అత్త.

నాలుగేళ్ల కింద నేనూ ముహూర్తం దాకా ఆగి ఆపరేషన్ చేయించుకున్నాను. నా బిడ్డ ఏడవలేదు. దక్కలేదు.

"ఆగొద్దు లావణ్యా, ఆపరేషన్ కాగితం మీద నువ్వే సంతకం పెట్టు," అని అరిచాను.

"ఏడ పెట్టాలె మేడం?" అని అది వెంటనే పెట్టేసింది.

తలుపు బయట నేను చెవులు మూసుకుని కూర్చున్నాను. ఏడుపు వినపడకపోతే ఎట్లా అని భయం. కాసేపటికి అత్తే నా చేతులు లాగింది. "ఇనవే, నా మనుమరాలు ఎట్ల మొత్తుకుంటుందో!"

సాయంత్రం డ్యూటీకి కొత్తగా వచ్చిన నర్సు లావణ్యను అడిగింది, ఆపరేషన్ మంచిగ అయిందా అని.

"కుట్లు గుంజుతున్నయ్ సిస్టర్, గానీ మంచిగనే అయింది," అంది నవ్వుతూ.

నన్ను ఆ మాట ఇంతవరకు ఎవరూ అడగలేదు. మిమ్మల్ని అడిగారా అక్కలూ? ఏం చెప్పారు?