మా అత్త కనిపెట్టిన కుక్క జాతి

మా మేనత్త ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే నాకు ఒక్క ముక్కలో చెప్పడం చేతకాదు. ఆవిడ పేర్లు పెడుతుంది. సబ్బులకూ, నూనె సీసాలకూ, ఓట్స్ ప్యాకెట్లకూ. మా ఇంటికి దగ్గర్లో ఒక పెద్ద సూపర్‌మార్కెట్ ఉంది. దాని వెనక గోడౌను, గోడౌను మీద ఇరుకు గది. ఆ గదిలో కూర్చుని షాపువాళ్ళ సొంత బ్రాండు సరుకులకు పేరూ, పేరు కింద రాసే రెండు ముక్కలూ తయారుచేయడం ఆవిడ పని. అక్కడ అందరూ ఆవిడను పేర్లక్క అంటారు, ఆవిడకంటే పదేళ్ళు పెద్దవాడైన మేనేజరుతో సహా.

"షాపువాడికి ఫ్యాక్టరీ ఎక్కడుంటుందే పిల్లా?" అంటుంది అత్త. "పేరున్న కంపెనీలకి చేసిపెట్టేవాళ్ళ చేతే చాలాసార్లు మాదీ చేయిస్తారు. ర్యాపరు మారుతుంది, అంతే. షాపు పేరే పెడితే చవక సరుకని జనం మూతి తిప్పుకుంటారు. అందుకని ఏదో కొండ పేరో, పొలం పేరో తగిలిస్తాం. మా వెన్న ప్యాకెట్ మీద పచ్చటి లోయ ఉంటుంది చూడు, అది నా బుర్రలో తప్ప భూమ్మీద ఎక్కడా లేదు." ఇంత అబద్ధాన్ని ఇంత గర్వంగా చెప్పే మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

ఆవిడ రెండో పిచ్చి కుక్కల జాతుల పేర్లు. భోజనానికి కూర్చుంటే చాలు, మొదలుపెట్టేది. గ్రేట్ డేన్‌కి డెన్మార్క్‌తో ఏ చుట్టరికమూ లేదట, అది జర్మనీ కుక్కట. ఆస్ట్రేలియన్ షెపర్డ్ అమెరికాలో తయారైందట. లాబ్రడార్ పూర్వీకులది లాబ్రడార్ ప్రాంతం కాదట, దాని పక్కనున్న న్యూఫౌండ్‌లాండ్ అట. డాబర్‌మన్ అనేది ఒక మనిషి ఇంటిపేరు. పన్నులు వసూలు చేసేవాడు కాబట్టి జనం మీద పడతారేమోనని తోడుకు అలాంటి కుక్కను తయారుచేసుకున్నాడని చెబుతారు. నాకు ఆకలి దంచేస్తుంటే ఈ అట, అటలు! గిన్నె ఇటు ఇవ్వమని రెండుసార్లు అరిస్తేగానీ ఇచ్చేది కాదు.

"కుక్కలకి పేర్లు పెట్టినవాళ్ళు కూడా మా డిపార్ట్‌మెంటు వాళ్ళేనే," అని నవ్వేది.

నేను ఆవిడ దగ్గరే ఉంటాను. నా ఉద్యోగం ఆ పక్క వీధిలోనే. మూడో అంతస్తులో మా ఫ్లాటు, నా గదికి తూర్పు కిటికీ. అన్నీ సవ్యంగా జరుగుతున్న రోజుల్లో అత్త ఒక సాయంత్రం కుక్కను చంకనేసుకుని వచ్చింది. గోడౌనులో చిరిగిన ప్యాకెట్లు, సొట్టపడిన డబ్బాలు వేసే మూలను వాళ్ళు డ్యామేజీ అంటారు. అది అక్కడ బిస్కెట్ల అట్టపెట్టెలో నిద్రపోతోందట. గోధుమరంగు, వాలిపోయిన చెవులు, మధ్యలో ఎక్కడో మనసు మార్చుకున్నట్టు వంకర తిరిగిన తోక. దొరికిన చోటి పేరే పెట్టేసింది, డ్యామేజీ అని. ఊళ్ళో సరుకులన్నిటికీ సొగసైన పేర్లు పెట్టే మనిషికి సొంత కుక్క దగ్గర బుర్ర పనిచేయలేదు.

వచ్చిన చిక్కల్లా మా బిల్డింగు రూలుతో. జాతి కుక్కలైతే పెంచుకోవచ్చు, వీధికుక్కలకు ప్రవేశం లేదు. రూలు పెట్టించింది అసోసియేషన్ అధ్యక్షుడు, ఐదో అంతస్తు పెద్దాయన. వీధికుక్కలు లిఫ్టులో తిరిగితే బిల్డింగు పరువు పోతుందని ఆయన బెంగ. చెడ్డవాడు కాదు కానీ, ఒక మాట అన్నాడంటే దాన్ని పట్టుకుని వేలాడే రకం.

మర్నాడు పొద్దున్నే లిఫ్టులో ఆయనే ఎదురయ్యాడు. డ్యామేజీని పైనుంచి కిందికి చూసి, "ఏం జాతమ్మా ఇది?" అన్నాడు.

అత్తకు నోరు జారింది. జారింది అని నేనంటున్నాను గానీ, అది ఎన్నో ఏళ్ళ అలవాటు. ఎక్కడో దూరాన చలిదేశంలో ఉన్నట్టు వినిపించే ఊరి పేరు ఒకటి, దాని పక్కన రైతనో, గొర్రెలకాపరనో ఏదో ఒక పని. ఇదీ ఆవిడ ఆఫీసు సూత్రం. ఓట్స్ కోసం అనుకుంటే మేనేజరుకు నచ్చక మూలపడ్డ పేరొకటి నాలుక చివరే ఉంది.

"బ్రెన్‌వాల్ షెపర్డ్ అండీ," అంది.

"ఓహో! బ్రెన్‌వాలా!" అని ఆయన తల ఊపాడు. నేను నవ్వు ఆపుకోలేక లిఫ్టు గోడ వైపు తిరిగి నిలబడ్డాను.

ఇక చూడాలి మా బిల్డింగు వాళ్ళ సంబరం! రెండో అంతస్తు రిటైర్డ్ ఇంజనీరు తాను విదేశాల్లో ఉన్నప్పుడు ఇలాంటివి బోలెడు చూశానన్నాడు. నాలుగో అంతస్తు డాక్టరమ్మ వాటికి తెలివి ఎక్కువని ఎక్కడో చదివానంది. అది చెత్తబుట్ట తిరగేస్తుంటే చూసి, "జాతి లక్షణం, పరిశోధన చేస్తోంది," అన్నవాళ్ళు కూడా ఉన్నారు. అత్త ముఖం మాత్రం రోజురోజుకీ చిన్నదైపోతోంది. "ఓట్స్ పేరు తప్పయితే ఓట్స్‌కేమీ కాదే. ఇది బయటపడితే దీన్ని గెంటేస్తారు," అనేది. నిజం చెప్పేయమంటే ధైర్యం చాలేది కాదు. ఆ కుక్క ఆవిడ పాదాల మీద తల పెట్టుకుంటే తప్ప పడుకునేది కాదు. 

పెద్దాయన దగ్గర మనవరాలు ఉండేది. అమ్మానాన్నలు వేరే ఊళ్ళో ఉద్యోగాల్లో కుదురుకునేదాకా తాతయ్య దగ్గర వదిలారు. ఏడెనిమిదేళ్ళుంటాయి. ఎవరితోనూ కలిసేది కాదు, మెట్ల మీద ఒక్కతే కూర్చుని గోడ గీకుతుండేది. ఆ పిల్ల డ్యామేజీని చూసి మొదటిసారి నవ్విందట. అంతే, మనవరాలికీ బ్రెన్‌వాల్ షెపర్డే కావాలని పెద్దాయన కుక్కపిల్లలు అమ్మే షాపుకు వెళ్ళాడు.

లేని జాతి ఎక్కడ దొరుకుతుందిలే అని మేము నిశ్చింతగా ఉన్నాం. ఆ షాపువాడు ఎంత ఘనుడంటే, "బ్రెన్‌వాల్ షెపర్డా సార్? మీ అదృష్టం, ఒక్కటే మిగిలింది," అన్నాడట. నల్లటి కుక్కపిల్లను, నిక్కపొడుచుకున్న చెవులతో సహా, పెద్దాయన చేతిలో పెట్టాడు. ఏ వీధి మలుపులోంచి ఎత్తుకొచ్చాడో వాడికే తెలియాలి.

ఇంటికి తెచ్చి రెంటినీ పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు పెద్దాయన. రంగు కలవలేదు, చెవి కలవలేదు, తోక అసలే కలవలేదు. ఆయన తెచ్చింది షాపులో, డబ్బిచ్చి. కాబట్టి అదే అసలు. మాది నకిలీ!

ఆదివారం పొద్దున కార్లు పెట్టుకునే చోట ప్లాస్టిక్ కుర్చీలు వేసి మీటింగు పెట్టారు. రాత్రే అత్త ఒక నిర్ణయానికి వచ్చింది. "అందరి ముందూ ఒప్పుకుంటానే. అలాంటి జాతే లేదు, నేనే పుట్టించాను, తిట్టండి పడతాను, కానీ రూలు మార్చండి అని చేతులు పట్టుకుని అడుగుతాను." నాకు హాయిగా అనిపించింది. ఆ పెద్దాయన ముఖం ఎలా మాడిపోతుందో చూడాలని ముందు వరుసలో కూర్చున్నాను కూడా.

"రెండూ ఒకే జాతంటే చిన్నపిల్లలైనా నమ్ముతారా?" అని మొదలెట్టాడు పెద్దాయన. ఇంజనీరు వెంటనే లేచి, తాను విదేశాల్లో చూసినవన్నీ నల్లవేనన్నాడు. డాక్టరమ్మ తనకు మొదటినుంచీ అనుమానమేనంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మొన్నటిదాకా పరిశోధన చేసిన కుక్క ఇవాళ దొంగదైపోయిందా! లేవబోతుంటే అత్త నా చెయ్యి నొక్కి తనే లేచింది.

అప్పుడే ఆ పిల్ల, కుక్కపిల్లను ఒళ్ళో పెట్టుకుని, "తాతయ్యా, నకిలీ కుక్కని ఏం చేస్తారు?" అంది.

"బయటికి పంపేస్తారమ్మా. రూలు అందరికీ ఒకటే," అన్నాడాయన.

 ఆ పిల్ల కుక్కపిల్ల చెవులు రెండూ కనబడకుండా గౌనులో దాచేసుకుంది. తనది అసలుదని అందరూ అంటున్నా ఎందుకు భయపడిందో నాకు ఇప్పటికీ తెలియదు. అత్త ఆ గౌను వైపే చూస్తూ నిలబడిపోయింది. చెప్పమ్మా అని ఎవరో తొందరపెట్టారు.

"మాదే నకిలీ అండీ," అంది అత్త. "మోసపోయాం. అసలు బ్రెన్‌వాల్ అంటే పాప దగ్గరున్నదే. మేం నెలాఖరుకి ఖాళీ చేస్తాం."

ఇంటికొచ్చాక నేను చేసిన రభస పక్క ఫ్లాటు వాళ్ళకు కూడా వినబడి ఉంటుంది. "నీకేమైనా మతి పోయిందా అత్తా? నిజం చెబుతానని నిజాన్నే మింగేశావా?"

"చెబితే రెండూ వీధి కుక్కలేనే. రెండూ బయటికే. ఆయన సంగతి తెలుసుగా, సొంత మనవరాలు ఏడ్చినా అన్న మాట మార్చుకోడు."

"అయితే మనం పోవాలా? నా కిటికీ?"

"నీ కిటికీ ఎక్కడికీ పోదు, ఇంకోటి వెతుకుదాం," అంది. ముక్కు ఎగబీలుస్తూనే గిన్నెలు సర్దడం మొదలుపెట్టింది. నాకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆవిడంటే అంత ప్రేమ ఉందని అంతకుముందు నాకే తెలియదు.

సైకిలు రిపేరు షాపు వెనక రెండు గదులు దొరికాయి. కిటికీ లేదు. వాకిలి మాత్రం ఉంది, డ్యామేజీ రోజంతా అక్కడే పొర్లుతుంది. అత్త వచ్చిన వారంలోనే షాంపూకు ఒక జలపాతం పేరు పుట్టించింది. నేను మాత్రం ఆ బిల్డింగు ముందునుంచి వెళ్ళాల్సొస్తే పళ్ళు నూరుతూ వెళ్ళేదాన్ని.

కొన్ని నెలలకు ఒక సాయంత్రం పెద్దాయన మా గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. వెంట మనవరాలు, దాని చేతిలో గొలుసు, గొలుసు చివర ఎదిగిన నల్లకుక్క. నిక్కపొడుచుకున్న చెవులు ఎప్పుడో వాలిపోయాయి. ఎక్కడ చూసినా కనబడే కుక్కలాగే ఉంది. ఆ పిల్ల ఎంత మారిందో! లోపలికొస్తూనే నా పేరడిగి, నీళ్ళడిగి, డ్యామేజీ మీద పడిపోయింది.

"పశువుల డాక్టరు ఇది ఏ జాతీ కాదన్నాడు అత్తయ్యా," అంది మా అత్తతో. "తాతయ్య అప్పట్నుంచీ ఎవరితోనూ మాట్లాడట్లేదు."

పెద్దాయన మా అత్త వైపు తిరిగాడు. "మీకు తెలిసే ఉంటుందమ్మా. ఇది అసలుదేనా?" అన్నాడు. ఆయన కళ్ళు చూస్తే జవాబు ఆయనకు ముందే తెలుసని నాకు అర్థమైంది. నా నోట్లో మాట సిద్ధంగా ఉంది. ఇన్నాళ్ళ కసి అది.

అత్త కింద కూర్చుని ఆ నల్లదాని పళ్ళు చూసింది, చెవులెత్తి చూసింది, తోక నిమిరింది. "అసలుదే. ఆ డాక్టరు ఎప్పుడూ చూసి ఉండడు, పాపం," అంది. పిల్ల కేరింతలు కొడుతూ రెండు కుక్కల్నీ వాకిట్లోకి తోలుకుపోయింది.

పెద్దాయన కుర్చీలో కూలబడ్డాడు. "మీ కుక్కని నేనే వెళ్ళగొట్టించాను," అన్నాడు.

"అవునండీ," అంది అత్త.

"మీటింగు పెట్టి నిజం చెప్పేస్తానమ్మా. మీరు వచ్చేయండి."

"చెబితే రూలు ప్రకారం పాప కుక్కా బయటికి పోవాలి. మీరు రూలు మారుస్తారా?"

ఆయన తల వాకిలి వైపు తిప్పుకున్నాడు. వాకిట్లోంచి పిల్ల నవ్వు వినబడుతోంది.

"వద్దులెండి," అంది అత్త. "కుక్క కోసం ఇల్లు మారినవాళ్ళం మేమున్నాం, చాలు. పాపని ఆదివారాలు పంపండి."

వెళ్ళేటప్పుడు ఆయన డ్యామేజీ ముందు వంగి, భయం భయంగా దాని తల మీద చెయ్యి వేశాడు. అది ఆయన చెయ్యి నాకింది.