రిలీవర్ వచ్చేదాకా

సిపాయిపేటలో ఇంటికొకరైనా మిలటరీలో చేసినవాళ్లే. పింఛనుతో తిరిగొచ్చాక సాయంత్రాలు కూర్చోవడానికి వాళ్లు కట్టుకున్నది మాజీ సైనికుల సంఘం హాలు. ఆ హాలు తాళాలు జ్ఞానమ్మ బొడ్లో ఉంటాయి. ఊడ్చేది, టీ పెట్టేది, ఆగస్టు పదిహేనుకి ముందు జెండా ఉతికి ఇస్త్రీ చేసేది ఆవిడే. భర్త ముసలయ్యతోపాటు ఝాన్సీ, అంబాలా క్వార్టర్లలో చాలాకాలం కాపురం చేసింది కాబట్టి ఆవిడకి హిందీ వచ్చు. వచ్చినా చివర అండి తగిలించకుండా మాట్లాడలేదు. "చాయ్ లీజియే అండి" అంటే హాల్లో వాళ్లకి ఇప్పటికీ నవ్వే.

ముసలయ్య పేరుకి లాన్స్‌నాయక్. మందు జోలికి పోకపోతే హవల్దారై దిగేవాడని అతనితో చేసినవాళ్లు అంటారు. జ్ఞానమ్మ కాదనదు. అతనిలో ఆవిడ గమనించిన సంగతి ఒకటుంది. డ్యూటీ పడిన రోజు అతను గ్లాసు ముట్టేవాడు కాదు. ఎవరూ ఇచ్చేవాళ్లూ కాదు. సెలవొచ్చిందంటే మాత్రం మంచం దిగేవాడు కాదు. క్వార్టర్లలో మిగతా ఆడవాళ్లు మొగుళ్లకి సెలవు దొరకాలని మొక్కుకుంటే, తను మాత్రం డ్యూటీ పడాలని ప్రార్థన చేసేది. ఈ సంగతి పాస్టరుగారికి చెబితే ఆయన బైబిలు అడ్డం పెట్టుకుని నవ్వారట.

ముసలయ్య పోయిన ఆరేళ్లకి, రెండువేల ఒకటి వానాకాలంలో, చంద్రరావు గొడవ వచ్చింది.

చంద్రరావు సిపాయిగా రిటైరై, పాలకొల్లులో ఒక బ్యాంకులో తుపాకి గార్డుగా చేరాడు. మంచివాడు. బ్యాంకుకొచ్చే ముసలివాళ్లకి చెయ్యందించి మెట్లెక్కించేవాడు. అయితే రాత్రి తాగింది తెల్లారినా దిగని స్థితికి వచ్చాడు. ఒకరోజు మేనేజరు సత్యప్రసాద్ గారికి వాసన తెలిసిపోయింది. ఆయన కేకలేమీ వెయ్యలేదు. తుపాకి తీసి స్ట్రాంగ్‌రూములో పెట్టించి, చంద్రరావుని తన గదిలో కూర్చోబెట్టి కాఫీ తెప్పించారు. రాజమండ్రిలో ఇలాంటివి నయం చేసే డాక్టరున్నారని, అక్కడ చేరితే సెలవు తను చూసుకుంటానని అన్నారు. ఇంకోసారి వాసన వస్తే మాత్రం పైకి రాయక తప్పదని, రాస్తే ఉద్యోగం ఉండదని కూడా చెప్పారు.

చంద్రరావు ఆస్పత్రిలో చేరాడు. చేతులు వణకడం, నిద్ర లేకపోవడం అక్కడే గడిచిపోయాయి. చిక్కి, తేటపడి ఇంటికొచ్చాడు. అసలు చిక్కు అప్పుడు మొదలైంది.

సిపాయిపేటలో ఒక పద్ధతుంది. మిలటరీ క్యాంటీన్లో ఎవరి కోటా రమ్ము వాళ్లు తెచ్చుకోవాలి. తాగనివాడూ తెస్తాడు, ఎందుకంటే అది హక్కు, వదులుకుంటే పోతుంది. తెచ్చింది ఎవరికో ఒకరికి ఇవ్వాలి. ఫ్యాను బాగుచేసినవాడికి ఇస్తారు. ఇంట్లో పిల్ల పదో తరగతి పాసైతే ఇస్తారు. జబ్బు చేసి లేచినవాడికైతే తప్పకుండా ఇస్తారు. చంద్రరావు ఆస్పత్రి నుంచి వచ్చాడనగానే అందరూ పలకరించడానికి వచ్చారు. ఏ జబ్బుకి చేరాడో తెలిసినవాళ్లే. అయినా వట్టి చేతులతో ఎలా వస్తారు?

జ్ఞానమ్మ వెళ్లేసరికి మంచం కింద సీసాలు వరసగా ఉన్నాయి. చంద్రరావు మంచం మీద గోడవైపు తిరిగి కూర్చున్నాడు. అతని భార్య వెంకటదుర్గ తలుపు దగ్గర నిలబడి చీరకొంగు మెలిపెడుతోంది.

"పారబొయ్యకపోయావా?" అంది జ్ఞానమ్మ దుర్గతో.

"పోసేస్తానక్కా. రేపు మళ్లీ తెస్తారు. బలం లేదు, కొంచెం పుచ్చుకో అంటున్నారు."

చంద్రరావు తల తిప్పకుండా అన్నాడు. "నేనడగలేదక్కా. ఒకళ్లకి వద్దన్నాను, ఇద్దరికి వద్దన్నాను. ఊరందరికీ ఎన్నాళ్లు వద్దంటాను?"

జ్ఞానమ్మ గుమ్మం దిగింది. నేరుగా సంఘం ప్రెసిడెంటు భీమరాజు గారింటికి వెళ్లింది. ఆయన రిటైరయ్యే ముందు గౌరవ కెప్టెను హోదా పుచ్చుకున్నవారు. భార్య పోయాక ఒక్కరే ఉంటున్నారు. హాలుకి ఒక మనిషి కాపలా కావాలని, సాయంత్రం డ్యూటీ వెయ్యాలని ఆవిడ అడిగింది.

"హాల్లో ఏముంది జ్ఞానమ్మా, దొంగలెత్తుకుపోడానికి? క్యారమ్ బోర్డా?"

"బోర్డు కాదండి బాబుగారూ. చంద్రాన్ని ఎత్తుకుపోతున్నారండి."

చంద్రరావు మంచం కింది సీసాల్లో భీమరాజు గారు పంపినవి కూడా ఉన్నాయి. ముసలయ్య సంగతి జ్ఞానమ్మ అప్పుడు చెప్పింది. తాగొద్దంటే మన మగవాళ్లు వినరు గానీ డ్యూటీలో ఉన్నవాడికి గ్లాసందించే మిలటరీవాడు ఈ ఊళ్లో లేడండి, అంది.

మర్నాడు సాయంత్రం కెప్టెను గారు మెడలో విజిలు వేసుకొచ్చారు. హాలు ముందు అందరినీ వరసలో నిలబెట్టారు. చంద్రరావుని ముందుకి పిలిచి, వీధి దీపాలు, మంచినీళ్ల ట్యాంకు మోటారు, హాలు గేటు అతని బాధ్యతని ప్రకటించారు. జ్ఞానమ్మ పెట్టెలోంచి తెచ్చిన ముసలయ్య డ్యూటీలో కట్టుకున్న ఎర్ర పట్టీని అతని భుజానికి కట్టారు.

"రిలీవర్ వచ్చేదాకా పోస్టు వదలకూడదు."

"యస్ సాబ్."

రిలీవర్, అంటే తన బదులు డ్యూటీకెక్కేవాడు, ఎవరో ఆయన చెప్పలేదు. చంద్రరావు అడగలేదు.

ఆ రోజు నుంచి హాలు దగ్గర చూడముచ్చటగా ఉండేది. చంద్రరావు పక్కింటి సత్తియ్య పాత అలవాటు కొద్దీ స్టీలు గ్లాసుతో గేటు దాకా రావడం, ఎర్ర పట్టీ కనపడగానే గ్లాసు వీపు వెనక్కి పోవడం రోజూ జరిగేది.

"డ్యూటీ ఎప్పటికైపోద్దిరా?" అని వాకబు చేసేవాడు.

"రిలీవరొచ్చాక మావా."

"ఎవడా రిలీవరు?"

"నాకూ తెలీదు."

"ఇదేం డ్యూటీరా బాబూ, సియాచిన్లో కూడా ఆర్నెల్లకి దింపేవారు" అని గొణుక్కుంటూ సత్తియ్య వెళ్లిపోయేవాడు. కొన్నాళ్లకి గ్లాసు తేవడం మానేశాడు, క్యారమ్ ఆడి వెళ్లేవాడు.

డాక్టరు గారు సరేనన్నాక చంద్రరావు బ్యాంకులో మళ్లీ చేరాడు. సత్యప్రసాద్ గారు మొదటివారం రోజూ పొద్దున్నే అతన్ని పలకరించే వంకతో దగ్గరికొచ్చి నిలబడేవారు. తర్వాత ఆ వంక అక్కర్లేకపోయింది. తుపాకి తిరిగి ఇచ్చారు. పగలు బ్యాంకు, సాయంత్రం హాలు. దుర్గ మాత్రం డిసెంబరుకి భయపడుతూ ఉంది.

డిసెంబరులో సంఘం వార్షికోత్సవం. ఆ రోజు బడా ఖానా, అంటే ఆఫీసర్లూ జవాన్లూ పక్కపక్కన కూర్చుని తినే విందు. ఆ ఒక్కరోజు ఆఫీసరు తన చేత్తో జవానుకి గ్లాసు పోసిస్తాడు. దాన్ని కాదన్నవాడు సిపాయిపేటలో పుట్టలేదు.

షామియానా వేశారు. మేకపోతు కూర, బిర్యానీ, పెరుగన్నం. సత్యప్రసాద్ గారిని కూడా పిలిచారు. భీమరాజు గారు మంచి హుషారు మీదున్నారు. వరసలో అందరికీ పోస్తూ పోస్తూ గేటు వైపు చూశారు. అక్కడ ఒక్కడే నిలబడ్డ చంద్రరావుని చూసి, పాపం ఎవరూ పట్టించుకోలేదనుకున్నారు కాబోలు. గ్లాసు నిండా పోసుకుని చక్కా నడిచి వెళ్లారు.

"తీస్కోరా చంద్రం. నా చేతిది."

వడ్డిస్తున్న దుర్గ గరిటె గిన్నెలోనే ఉండిపోయింది. సత్యప్రసాద్ గారు విస్తరి ముందు నుంచి లేచారు. జ్ఞానమ్మ ఒక అడుగు వేసి ఆగింది. ఇక్కడ తను మాట్లాడితే ఆ జవాబు చంద్రరావుది కాకుండా పోతుంది.

చంద్రరావు కళ్లు కాసేపు గ్లాసు మీదే ఉన్నాయి. తర్వాత మడమలు కలిపి నిటారుగా నిలబడ్డాడు.

"డ్యూటీలో ఉన్నాను సాబ్."

"ఎవడేశాడు నీకు డ్యూటీ?"

"మీరే సాబ్."

ముందు సత్తియ్య నవ్వాడు. తర్వాత పందిరంతా నవ్వింది. భీమరాజు గారు ఎర్ర పట్టీ వైపు, చేతిలో గ్లాసు వైపు మార్చి మార్చి చూసుకున్నారు. గ్లాసు గేటు దిమ్మ మీద పెట్టి, చంద్రరావుకి సెల్యూట్ కొట్టారు. కెప్టెను జవానుకి ముందు సెల్యూట్ కొట్టడం అక్కడెవరూ చూడలేదు. సత్యప్రసాద్ గారు నవ్వుతూ కూర్చుని ఇంకొంచెం కూర వెయ్యమన్నారు. దుర్గ చాలా ఎక్కువ వేసింది.

వారం గడిచాక ఒక పొద్దున్న జ్ఞానమ్మ హాలు ఊడుస్తుంటే భీమరాజు గారు ఒంటరిగా వచ్చారు. ఆవిడ టీ ఇచ్చింది. కప్పు ఆయన చేతిలో వణికి సాసరులోకి ఒలికింది. ఈ వణుకు ఆవిడ ఏడాదిగా చూస్తూనే ఉంది. ఎప్పుడూ అనలేదు.

"రిలీవర్ ఎవరో తేలిందా జ్ఞానమ్మా?"

"ఇంకా లేదండి."

"నాకు సాయంత్రాలు ఖాళీగానే ఉంటున్నాయి" అన్నారాయన, టీ వైపు చూస్తూ.

జ్ఞానమ్మ చీపురు గోడకి ఆనించింది. "ముందు రాజమండ్రి డాక్టరు గారి దగ్గరికెళ్లాలండి. బట్టలు సర్దుకోండి. చంద్రం తోడొస్తాడు."

వెళ్లారు. వచ్చారు. బరువు కాస్త తగ్గారు గానీ ఆయన భుజం ఇంకా పెద్దదే, ముసలయ్య పట్టీ చాల్లేదు. జ్ఞానమ్మ తన పాత ఎర్ర చీర చింపి అతుకు కుట్టింది. ఆ సాయంత్రం చంద్రరావు పట్టీ విప్పి ఆయనకి కట్టి, మోటారు గది తాళం అప్పగించాడు. ఇక ఇంటికి పోతాడనుకుంటే గేటు పక్క అరుగు మీద చతికిలబడ్డాడు.

"రిలీవయ్యావుగా. పోరా" అన్నారు భీమరాజు గారు.

"మీకు రిలీవర్ ఉండద్దా సాబ్?"

జ్ఞానమ్మ లోపలికి వెళ్లి ఇద్దరికీ టీ నీళ్లు పడేసింది. మిగిలిన ఎర్ర చీర ముక్కని పారెయ్యకుండా మడిచి అలమార్లో పెట్టింది.